వాన గురించి చెప్పారు, వరద గురించి ఎందుకు చెప్పలేకపోయారు?

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఇంట్లో, ముందు గది గోడ మీద బురద చార ఒకటి ఉంది. రెండుసార్లు రంగు వేయించినా వానాకాలం చెమ్మకు అది మళ్లీ బయటపడుతూనే ఉంటుంది. స్విచ్‌బోర్డుకు సరిగ్గా జానెడు పైన. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు ఆ ఇంట్లోకి వచ్చి ఆ చార దాకా నిలిచింది. అప్పటి నుంచి ఆవిడ కనిపించిన వాళ్లనల్లా ఒకటే అడుగుతుంటారు: "వాన పడుతుందని ఫోనుకు మెసేజి వచ్చింది, పడింది. ఇంట్లోకి ఏరు వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదేం నాయనా?"

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఊళ్లో మళ్లీ లేస్తుంది. "వాళ్ల మాట ఎప్పుడు నిజమైంది గనక" అని ఒకరంటారు, "చెప్పినా వినేదెవరు" అని ఇంకొకరంటారు. అసలు ఆవిడ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఎంత వాన పడుతుంది? ఎక్కడ పడుతుంది? ఎంతసేపట్లో పడుతుంది? పడ్డ నీరు ఎటు పోతుంది? మొదటి మూడింటికి జవాబు ఆకాశంలో వెతకాలి. నాలుగోది నేలది, కాలువలది, గేట్లది. ఈ ముడి విప్పితే తప్ప ఎవరిని ఏమి అడగాలో తేలదు.

తుపాను పేరులో గాలి ఉంది, వాన లేదు

అల్పపీడనం, వాయుగుండం, తుపాను అన్నవి ఒకే నిచ్చెన మెట్లు. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, ఇలా పైకి పోతుంది. ఈ నిచ్చెనలో వాన ప్రస్తావన ఎక్కడా లేదు. మనం మాత్రం మెట్టును చూసి వానను ఊహించుకుంటాం. "ఇంకా వాయుగుండమేగా" అని నిశ్చింతగా ఉంటాం.

2024లో విజయవాడను ముంచింది ఆ వాయుగుండమే. పేరు పెట్టించుకునే స్థాయికి కూడా అది చేరలేదు. పైగా ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక అది తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. అక్కడికీ విజయవాడకూ గీత గీసినట్టు కొలిచినా 400 కిలోమీటర్లకు పైనే. అయినా శనివారం కుండపోత ఇక్కడే. నైరుతి రుతుపవనాల కాలంలో వాయుగుండాలు సాధారణంగా పడమర, వాయవ్య దిశలుగా కదులుతాయి. వాటికి నైరుతి వైపున తేమ గాలులు ఒకచోట కూడుకుని పైకి లేస్తాయి, భారీ వానలు ఎక్కువగా ఆ పక్కనే పడతాయి. టీవీలో తీరం దాటే చోటు చుట్టూ ఎర్రగీత గీసి చూపిస్తుంటే మన కళ్లు అక్కడే ఆగిపోతాయి. వాన అక్కడ ఉండాలన్న నియమం లేదు.

దీనికి అటు చివర 2013 నాటి లెహర్ ఉంది. సముద్రంలో అతి తీవ్ర తుపానుగా ఉరిమిన లెహర్, మచిలీపట్నం దగ్గరకు వచ్చేసరికి వాయుగుండంగా నీరసించింది. పేరున్నది చప్పబడితే, పేరు లేనిది ఊరిని ముంచింది.

బాపట్లా, మచిలీపట్నమా?

తుపాను దారిని అంచనా వేయడంలో గత ఇరవై ముప్పై ఏళ్లలో వచ్చిన మెరుగుదల నిజంగా గొప్పది. 24 గంటల ముందు చెప్పే స్థానంలో భారత వాతావరణ శాఖ సగటు తేడా ఇప్పుడు 70, 80 కిలోమీటర్ల దగ్గర ఉంటోంది. అంత విశాలమైన సముద్రంలో అది చిన్న పొరపాటే. తీరం మీద నిలబడి చూస్తే మాత్రం బాపట్లకూ మచిలీపట్నానికీ మధ్య దూరం అంతే.

ఆ తేడా వల్ల ఏమవుతుందో చూడండి. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. తూర్పు నుంచి తీరానికి వచ్చే తుపానులో, కేంద్రానికి ఉత్తరాన ఉన్న గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. దక్షిణాన ఉన్న గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. కాబట్టి బాపట్ల దగ్గర దాటితే ఉప్పెన భయం రేపల్లె, నాగాయలంక, మచిలీపట్నం వైపు. మచిలీపట్నం దగ్గర దాటితే బాపట్ల తీరానికి ఆ గండం చాలా వరకు తప్పుతుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన మింగింది దివిసీమను. సుమారు 10 వేల మంది పోయారు.

దారి కంటే బలాన్ని చెప్పడం కష్టం. సముద్రం పై పొరల్లో ఎంత వేడి ఉంది, పై ఎత్తుల్లో గాలులు తుపానును నిలువునా నిలవనిస్తున్నాయా, పక్కకు చీలుస్తున్నాయా, పొడి గాలి లోపలికి దూరిందా అన్నవి గంటల్లో మారిపోతాయి. సముద్రం మీద కొలిచే పరికరాలు తక్కువ. ఉపగ్రహం పై నుంచి మేఘాన్ని చూస్తుంది గానీ మేఘం పొట్టలో జరిగేదంతా దానికి కనిపించదు.

గడి ఎంత చిన్నదైతే అంత మంచిదా?

కంప్యూటర్ నమూనా అంటే భూమి చుట్టూ ఉన్న గాలిని గళ్లుగా కోసి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్క కట్టడం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థలో తయారై 2025 మే నెలలో వాడకంలోకి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక గడి 6 కిలోమీటర్లు. అంతకు ముందున్నది 12. ఇది పెద్ద ముందడుగే. అయినా 6 కిలోమీటర్లంటే విజయవాడ వన్‌టౌన్ నుంచి పటమట దాకా ఉన్నంత దూరం. ఆ గడికి ఇంద్రకీలాద్రి కనిపించదు, మొగల్రాజపురం కొండలు కనిపించవు. ఏప్రిల్ సాయంత్రం ఉన్నట్టుండి పుట్టి గంటలో తేలిపోయే ఉరుముల మబ్బు ఆ గడి కంటే చిన్నది కావచ్చు. గుంటూరు అరండల్‌పేటలో రోడ్డు మునిగి, గోరంట్లలో దుమ్ము లేవడం అందుకే.

గడిని ఇంకా చిన్నది చేస్తే తీరిపోతుందా అంటే, పూర్తిగా తీరదు. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌లో ఒక లెక్కను మధ్య నుంచి మళ్లీ నడిపించాడు. యంత్రంలో ఉన్న అంకె 0.506127. కాగితం మీద అచ్చయింది చూసి ఆయన కొట్టింది 0.506. కొంతసేపటికి రెండు వాతావరణాలూ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా విడిపోయాయి. సముద్రం మీద, కొండల మీద మనం కొలవలేకపోయిన ప్రతి అంకెలోనూ అలాంటి తోకముక్క ఒకటి మిగిలిపోయి ఉంటుంది. అందుకే ఇప్పుడు నమూనాను ఒక్కసారి నడపరు. మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి పదుల సార్లు నడుపుతారు. అన్నీ ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది. చెల్లాచెదురైతే, చెల్లాచెదురయ్యాయన్నదే ఆనాటి సమాచారం.

వాన మొదలయ్యాక పని రాడార్‌ది. మనకు దగ్గరలో ఉన్నది మచిలీపట్నం డాప్లర్ రాడార్. మబ్బు ఎటు కదులుతోందో చూసి మూడు గంటల ముందు వరకు చెప్పగలరు. మూడు గంటలంటే పిడుగుకు చాలు, పొలంలో ఉన్న మనిషి చెట్టు కింది నుంచి బయటపడి ఇల్లు చేరవచ్చు. వీధంతా ఖాళీ చేయించడానికి చాలదు.

వడగాలుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రెంటచింతల ఎండ పల్నాడు దాటి రాష్ట్రమంతా పేరు పడింది. అలాంటి ఎండలను తెచ్చే గాలి వ్యవస్థలు వందల కిలోమీటర్లు పరుచుకుని రోజుల తరబడి కదలకుండా ఉంటాయి కాబట్టి వాటిని కొన్ని రోజుల ముందే బాగా పసిగట్టవచ్చు. విపత్తు ఎంత పెద్దది, ఎంత నెమ్మదిది అన్నదాన్ని బట్టే అంచనా పదును ఉంటుంది.

బులెటిన్‌లో మాటలకు కొలతలున్నాయి

"ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు." ఇందులో ప్రతి మాటకూ కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతానికి మించకుండా. అంటే మిగిలిన ముప్పావు వంతు కేంద్రాల్లో భారీ వాన పడకపోయినా ఆ అంచనా నిజమైనట్టే. మంగళగిరిలో ఎండ కాసిందని వాతావరణ శాఖను ఆడిపోసుకునే రోజున తాడికొండలో వాగు పొంగి ఉండవచ్చు. ఇది శాఖ తెలివిగా వేసుకున్న గొడుగు అని కొందరి ఎకసెక్కెం. నాకైతే అది ఉన్న తెలివిడిని ఉన్నంత మేరకే చెప్పడం అనిపిస్తుంది. చిక్కల్లా ఆ కొలతలు చదివేవాళ్లకు ఎవరూ చెప్పకపోవడంలో ఉంది.

శాతాల సంగతి మరీ అన్యాయం. "30 శాతం వాన" అంటే వంద అలాంటి రోజుల్లో 30 రోజులు వాన పడుతుందని. ఆ ఒక్కరోజు పడినా, పడకపోయినా ఆ అంచనా తప్పనలేం. దాన్ని ఎలా వాడుకోవాలన్నది వాడుకునేవాడి నష్టాన్ని బట్టి ఉంటుంది. మార్చిలో మేడికొండూరు దగ్గర ఒక రైతు కల్లంలో మిరపకాయలు ఆరబోశాడనుకుందాం. పట్టాలు కప్పించడానికి కూలి 4 వేలు. తడిస్తే కాయ రంగు పోయి తాలు కింద జమ, గుంటూరు యార్డులో ధర పడిపోయి నష్టం 80 వేలు. 4 వేలను 80 వేలతో భాగిస్తే 5 శాతం. అంటే వాన అవకాశం 5 శాతం దాటితే చాలు, కప్పడమే లాభం. అదే రోజు గుంటూరులో ఒక మేస్త్రి స్లాబు వేయాలి. కూలీలు, మిక్సరు అంతా సిద్ధం, వాయిదా వేస్తే 40 వేలు పోతాయి, వాన పడి పాడైతే 60 వేలు. ఆయనకు గీటురాయి 67 శాతం. ముందున్న అంకె ఒకటే, 30. రైతు కప్పాలి, మేస్త్రి స్లాబు వేయాలి. ఇద్దరూ సరిగ్గానే ఆలోచించినట్టు. "పడుతుందా, పడదా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగితే ఈ ఇద్దరిలో ఒకరిని ముంచినట్టే.

ఒకే వాన, నాలుగు రెట్ల వరద

ఇక పెద్దావిడ ప్రశ్న దగ్గరకు వద్దాం. ఒక వాగుకు 100 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉందనుకోండి. అక్కడ 20 సెంటీమీటర్ల వాన పడింది. మొత్తం నీరు 2 కోట్ల ఘనపు మీటర్లు, టీఎంసీల్లో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) దాదాపు 0.7. నేల అప్పటికే నాని ఉంది, చెరువులు నిండి ఉన్నాయి, నీరంతా వాగులోకే వస్తుందని లెక్క కోసం అనుకుందాం. అది 24 గంటల పాటు సమంగా కురిస్తే వాగులో ప్రవాహం 8 వేల క్యూసెక్కుల (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని) పైచిలుకు. అదే వాన 6 గంటల్లో కురిస్తే సుమారు 32,700. బులెటిన్‌లో రెండూ ఒకటే: "24 గంటల్లో 20 సెంటీమీటర్లు". బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర నుంచి కృష్ణా నది వైపు తిప్పే డైవర్షన్ కాలువ సామర్థ్యం 15 వేల క్యూసెక్కుల ప్రాంతంలో. మొదటి లెక్కలో కాలువ నిబ్బరంగా మోస్తుంది. రెండో లెక్కలో గట్టు నిలవదు. వాన అంచనా నూటికి నూరు పాళ్లు నిజమై కూడా వరద అంచనా తప్పే దారి ఇదీ.

ఆ రాత్రి జరిగిందానిలో ఇంకో మెలిక ఉంది. డైవర్షన్ కాలువ నీరు పోయి కలవాల్సింది కృష్ణలో. కృష్ణే నిండుగా పోటెత్తి ఉంటే కాలువ నీరు లోపలికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు కృష్ణకు మునుపెన్నడూ లేని వరద. సోమవారం నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. ఇటు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, అటు వెలగలేరు దగ్గర బుడమేరును ఆపే గేట్లు ఎత్తారు. బుడమేరు కొల్లేరుకు పోయే తన పాత దారి పట్టింది. ఆ పాత దారి మీదే ఇప్పుడు సింగ్‌నగర్ ఉంది. వాన ఉధృతి తగ్గాక నీళ్లు పెరగడం చూసి జనం బిత్తరపోయింది ఇందుకే. ఆ నీళ్లు పైనుంచి పడినవి కావు, పక్కనుంచి వచ్చినవి.

పెద్ద నది, చిన్న ఏరు

కృష్ణ విషయంలో మనకు వ్యవధి ఉంటుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ఆ తర్వాతే మనం. ఎక్కడ ఎంత వదిలారో కొలత ఉంటుంది, నీరు రావడానికి గంటలు పడుతుంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. కృష్ణలంకలో పసిపిల్లలకు కూడా ఈ అంకెలు తెలుసంటే అతిశయోక్తి కాదు. అయితే పులిచింతలకూ బ్యారేజీకీ మధ్య మున్నేరు, వైరా, కట్టలేరు వచ్చి కలుస్తాయి. 2024లో ఖమ్మాన్ని ముంచిన మున్నేరే ఇక్కడికీ వచ్చింది. వాటిని ఆపి నిలిపి వదలడానికి పెద్ద జలాశయం లేదు కాబట్టి అక్కడ పడ్డ వాన నేరుగా మన లెక్కలోకి దూకుతుంది.

ఏ వాతావరణ నమూనాకూ అందనివి కొన్ని ఉన్నాయి. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2024 వరదలో బోట్లు కట్లు తెంచుకుని వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. ఆకాశాన్ని ఎంత చదివినా తాడు తెగిన బోటు అందులో కనిపించదు.

"వందేళ్లకోసారి వచ్చే వరద" అన్న మాటా ఇలాంటిదే. వందేళ్ల గడువు తీరేదాకా మళ్లీ రాదని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం ఒక శాతమని అర్థం. ముప్పై ఏళ్ల గృహరుణం తీసుకుని అలాంటి చోట ఇల్లు కడితే, అప్పు తీరేలోగా ఒక్కసారైనా ఆ వరదను చూసే అవకాశం 26 శాతం. పైగా ఆ ఒక శాతం పాత రికార్డుల నుంచి తీసింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. పాత లెక్క రేపటికి ఎంత చెల్లుతుందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగని చర్చ.

తప్పు ఎవరిదన్న వాదాలు

2024 తర్వాత మూడు వాదాలు బలంగా వినిపించాయి. భారీ వర్షాల హెచ్చరిక ఉంది కాబట్టి లోపం దాన్ని వీధి దాకా చేర్చడంలో, గేట్లు ఎత్తుతున్నట్టు దిగువన చాటించడంలో ఉందన్నది ఒకటి. జిల్లా మొత్తానికి ఒకే రంగు పూసిన హెచ్చరికతో ఎవరైనా ఏ వీధిని ఖాళీ చేయిస్తారు, అంచనాయే మోటుగా ఉందన్నది రెండోది. ఏరు దారిలో ఇళ్లకు అనుమతులిచ్చి, కాలువ గట్లను గాలికొదిలేశాక అంచనా ఎంత పదునైనదైతే ఏమి లాభం అన్నది మూడోది. మూడింట్లోనూ నిజముంది. మూడోదాన్ని మాట్లాడటం ఎవరికీ సుఖం కాదు గనుక మొదటి రెండే ఎక్కువ వినబడతాయని నా అనుమానం.

అతిగా హెచ్చరించడం మేలా, ఆచితూచి హెచ్చరించడం మేలా అన్నది మరో తగవు. బడులకు సెలవిచ్చిన రోజు ఎండ కాస్తే నవ్వులాట. రెండు మూడుసార్లు అలా జరిగితే నాలుగోసారి ఎర్ర హెచ్చరికను చూసి కూడా ఎవరూ కదలరు. సెలవు ఇవ్వని రోజున పిల్లాడు వాగు దాటుతూ కొట్టుకుపోతే ఆ పాపం ఎవరిది? హెచ్చరించే గీత కిందికి దించితే వట్టి హెచ్చరికలు పెరుగుతాయి, పైకి లేపితే తప్పిపోయినవి పెరుగుతాయి. రెండింటినీ ఒకేసారి తగ్గించాలంటే అంచనాయే మెరుగుపడాలి.

ఇక్కడే కృత్రిమ మేధ మీద ఆశలు. గూగుల్ డీప్‌మైండ్ గ్రాఫ్‌కాస్ట్ వంటివి దశాబ్దాల పాత వాతావరణాన్ని నేర్చుకుని పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇస్తున్నాయి. యూరప్ వాతావరణ కేంద్రం 2025లో తన సొంత మేధా నమూనాను రోజువారీ వాడకంలోకి తెచ్చింది. తుపాను దారి చెప్పడంలో ఇవి పాత పద్ధతితో పోటీ పడుతున్నాయి, కొన్నిచోట్ల మించుతున్నాయి. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరమూ తేలిగ్గా తీసేయదగింది కాదు: చూసిన వాటి నుంచి నేర్చుకున్న యంత్రం ఎన్నడూ చూడని వానను తక్కువ చేసి చెప్పే ప్రమాదం ఉంది, మనల్ని ముంచేవి సరిగ్గా అలాంటి వానలే. అందులోనూ వెలగలేరు గేటు ఎప్పుడు ఎత్తుతారో ఏ పాత వాతావరణంలోనూ రాసి ఉండదు.

సింగ్‌నగర్ పెద్దావిడ ఇప్పుడు టీవీలో వాతావరణ వార్తలు చూడటం మానేశారు. మబ్బు పట్టిన రోజున ఇబ్రహీంపట్నం అవతల ఉన్న మేనల్లుడికి ఫోను చేస్తారు. వాన పడుతోందా అని అడగరు. "వెలగలేరు దగ్గర నీళ్లు ఎన్ని అడుగులున్నాయిరా, గేట్లు ఎత్తారా?" అని అడుగుతారు. అతను చెప్పింది విని గోడ మీద చార వైపు ఒకసారి చూసి, బియ్యం బస్తా మంచం మీద పెట్టించాలా, అటక ఎక్కించాలా అన్నది తేల్చుకుంటారు.